నడుమునొప్పియు గృధ్రసియు
నడుము పట్టినవారు పెక్కుమంది తమకు గృధ్రసి, అనగా సయాటికా, వచ్చెనని వెఱతురు. ఈ రెండును వేఱు. వట్టి నడుమునొప్పి తఱచు నడుమునందే నిలుచును. గృధ్రసి పిరుదునుండి తొడ వెనుకగా మోకాలు దాటి పాదమువఱకు మెఱుపువలె దిగును, తిమ్మిరియు తోడగును. వెన్నుపూసల నడిమి మెత్త జాఱి నరముమొదలును నొక్కుట దీనికి కారణము కాగలదని 1934లో మిక్స్‌టర్, బార్ అను అమెరికా వైద్యులు చూపిరి. వెల్లకిల పరుండినవాని కాలిని మోకాలు వంపక మెల్లగా నెత్తినపుడు నొప్పి పిక్కలోనికి దిగినచో గృధ్రసిని శంకింపవలెను.

మంచము పట్టుటయే మందని మనవారి నమ్మకము. కాని రెంటికిని నడకయే మేలు. బోరగిల పరుండి మోచేతులపై ఱొమ్ము నెత్తునపుడు కాలినొప్పి నడుమువైపు మఱలినచో ఆ వ్యాయామము సాగింపవచ్చును. పాదమువైపు దిగినచో మానవలెను. మూత్రము స్తంభించినను, తొడలసందున స్పర్శ తప్పినను క్షణమైన నాగక వైద్యశాలకు పోవలెను.