వెరావల్‌లో ఇంకా చీకటే

గోడంత తెర తరగతిలోకి వచ్చింది, పిల్లల చేతికి ట్యాబ్ వచ్చింది. సిక్కోలు తీరంలో సోషల్ పాఠాలు చెప్పే ఒక మాస్టారు వాటితో ఏం చేస్తున్నారో, ఎక్కడ ఆగుతున్నారో ఆయన మాటల్లోనే.

సెప్టెంబరులో ఆరో తరగతికి రేఖాంశాల పాఠం చెబుతున్నాను. ప్యానెల్ మీద వీడియో పెట్టాను. నీలం రంగు భూగోళం గిరగిరా తిరిగింది, గీతలు ఒక్కొక్కటే వెలిగాయి. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున కాలం మారుతుందని ఒక తియ్యని గొంతు చెప్పింది. ‘అర్థమైందా?’ అన్నాను. ‘అయింది మాస్టారూ’ అని తరగతి మొత్తం ఒకే రాగం తీసింది. ఇన్నేళ్లుగా బడిలో నిలబడ్డవాణ్ని, ఆ రాగం నాకు తెలుసు. ఒక్కరూ ఎదురు ప్రశ్న వెయ్యలేదంటే పాఠం ఇంకా గది బయటే ఉందన్నమాట.

మాది సముద్రం పక్క ఊరు. నా తరగతిలో చాలామంది తండ్రులు ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లోని వెరావల్‌లో ఉంటారు. అక్కడి బోట్ల మీద జీతానికి వేటకెళతారు. వానాకాలపు వేట నిషేధం ముగిసే వేళకు రైలెక్కితే మళ్లీ వేసవిలోనే ఇంటి ముఖం చూడటం. 2018 నవంబరులో అలా వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు సముద్ర సరిహద్దు దగ్గర పాకిస్తాన్‌కు చిక్కారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చేవరకూ వాళ్ల ఇళ్లలో పొయ్యి సరిగా వెలిగిందో లేదో ఈ తీరంలో ఎవరినడిగినా చెబుతారు. బోటు ఎక్కడుందో చెప్పేవి అక్షాంశం, రేఖాంశం అనే రెండు అంకెలే. నేను పరీక్ష కోసం చెబుతున్న పాఠం ఈ పిల్లల ఇళ్లలో ప్రాణాలకు సంబంధించిన సంగతి. వీడియోకు అది తెలియదు. నాకు తెలుసు. తెలిసీ దాని పక్కన ఊరికే నిలబడ్డాను.

ఆ సాయంత్రం ఒక పని చెప్పాను. ‘రేపు పొద్దున్న సూర్యుడు నీళ్లలోంచి లేచిన క్షణాన టైము రాసుకోండి. వెంటనే మీ అయ్యకు ఫోన్ చేసి, అక్కడ తెల్లారిందా అని అడగండి.’ వేటకెళ్లిన బోటుకు సిగ్నల్ అందదు. ఆ వారం రేవులో ఉన్నవాళ్లు కొద్దిమందే దొరికారు.

మర్నాడు ప్రార్థన గంట కొట్టక ముందే ఒక పిల్ల పరుగెత్తుకొచ్చింది. ‘వెరావల్లో ఇంకా సీకటే ఉన్నాదట మాస్టారూ! తెల్లారినాక మా అయ్యే తిరిగి సేసినాడు. ఆ టైమూ రాసుకున్నాను.’

ప్యానెల్ అప్పుడు వేశాను. ఈసారి వీడియో కాదు, ఉపగ్రహ పటం. శ్రీకాకుళం మీద వేలు పెడితే 83.9 డిగ్రీల తూర్పు. వెరావల్ మీద పెడితే 70.4. తేడా పదమూడున్నర. దాన్ని నాలుగుతో హెచ్చిస్తే 54 నిమిషాలు. పిల్ల నోటుపుస్తకంలోని రెండు టైములూ ఆ లెక్కకు దగ్గరగానే వచ్చాయి. ఇక ప్రశ్నలు మొదలయ్యాయి. సూర్యుడు వేర్వేరుగా లేస్తే గడియారం రెండుచోట్లా ఒకటే ఎందుకు? మరి మన టైము ఏ ఊరిది? దేశానికంతటికీ కాలం చెప్పే ఎనభై రెండున్నర డిగ్రీల గీత కాకినాడ దగ్గరగా పోతుంది. మనం దానికి కాస్త తూర్పున ఉన్నాం కాబట్టి మన సూర్యుడు గడియారం కంటే ఐదారు నిమిషాలు ముందుంటాడు. ఇది చెప్పగానే వెనక బెంచీ కుర్రాడు ‘అందుకే మనకి బేగి సీకటి పడిపోతాది’ అన్నాడు. ఆ మాట నేను చెప్పలేదు, వీడియో చెప్పలేదు.

ముందు చెయ్యి, తర్వాత తెర

సామాను లేదనే మాట ఇప్పుడు చెల్లదు. పాఠ్యపుస్తకాల క్యూఆర్ కోడ్‌ల వెనకున్న దీక్షా వేదిక 2017 సెప్టెంబరు 5న మొదలైంది. 2019 నవంబరులో బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం వచ్చింది. తర్వాత ఉన్నత పాఠశాలల్లో ప్యానెళ్లు, ప్రాథమిక బడుల్లో స్మార్ట్ టీవీలు. 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకూ, వాళ్లకు చెప్పే ఉపాధ్యాయులకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌ల పంపిణీకి శ్రీకారం చుట్టారు. కూలికి పోయే ఇంటి పిల్ల ఒళ్లో కొత్త ట్యాబ్ చూసినప్పుడు నా కళ్లు చెమర్చాయి. ఆ ఖర్చు వృథా అని నేను ఎప్పటికీ అనను.

కానీ పరికరం ఇచ్చినంత మాత్రాన చదువు రాదని పెరూ దేశం ఎప్పుడో చూసింది. అక్కడి పల్లెబడుల్లో పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చారు. 319 బడుల్లో జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది. లెక్కల్లో గానీ భాషలో గానీ పెరుగుదల కనబడలేదు. యునెస్కో 2023 నివేదిక చదువులో సాంకేతికత గురించే రాస్తూ, ఈ పనిముట్టు ఎవరి షరతుల మీద నడుస్తోందని తన శీర్షికలోనే అడిగింది.

నా షరతు చిన్నది. పిల్ల చేత్తో ముట్టుకోగలిగినదాన్ని తెర మీద ముందుగా చూపించను. మా బడిలో సైన్సు, లెక్కలు చెప్పేవారూ దీనికి ఒప్పుకున్నారు. స్తూపం పాఠానికి ఇంటి నుంచి కుంచం తెప్పిస్తాం. బియ్యం పోసి, ఎన్ని తవ్వలు పట్టాయో లెక్కపెట్టాక ప్యానెల్ మీద బొమ్మను తిప్పితే, ప్రతి పిల్లా అందులో తన ఇంటి కుంచాన్ని చూస్తుంది. విద్యుత్ వలయానికి ముందు నిజం బల్బు, బ్యాటరీ, తీగ. బల్బు వెలిగాకే కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ అనే తెర మీది ప్రయోగాలు తెరుస్తాం. అవి ఉచితం, తెలుగులోనూ ఉన్నాయి. తీగలో ఎలక్ట్రాన్లు కదులుతున్నట్టు చూపడం బల్బు వల్ల కాదు, ఆ పని తెరది. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసేచోటుకు పిల్లల్ని తీసుకెళ్లగలను. ఏళ్ల తరబడి ఇసుకమేట ఎలా జరుగుతూ వచ్చిందో మాత్రం పాత ఉపగ్రహ చిత్రాలే చూపగలవు.

గిడుగు మాస్టారి బడి

ఈ దారి నాది కాదు. ఇదే గడ్డ మీద ఒక మాస్టారు నూరేళ్లకు ముందే వేశారు. గిడుగు వెంకట రామమూర్తిని వాడుక భాషా ఉద్యమకారుడిగానే తలుచుకుంటాం. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమూ చేస్తాం. నాకు మాత్రం ఆయన ముందు పర్లాకిమిడి బడిలో పంతులు. చుట్టుపక్కల కొండల మీది సవరలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ఆయన చేసిన మొదటి పని చెప్పడం కాదు, నేర్చుకోవడం. సవర తెలిసినవారి దగ్గర కూర్చుని మాట మాట విన్నారు. వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. అచ్చు పుస్తకమే ఆనాటి సాంకేతికత. దాన్ని ఆయన పిల్లవాడి నోటికి తగ్గట్టు మలిచారు.

వాడుక భాష గొడవ కూడా తరగతి గదిలోంచే రాజుకుంది. బడుల తనిఖీకి వచ్చిన యేట్స్ దొరకు పుస్తకంలోని తెలుగూ జనం మాట్లాడే తెలుగూ వేర్వేరుగా వినబడ్డాయి. ఎందుకలా అని అడిగాడు. ఇటు గిడుగు, విజయనగరంలో గురజాడ ఆ ప్రశ్నను వదల్లేదు. ఇవాళ తెర మీది గొంతు వింటుంటే నాకు అదే ప్రశ్న. ‘వలలను ఉపయోగించుట ద్వారా’ అనే తెలుగు మా ఊళ్లో ఏ వల దగ్గరా వినబడదు. ‘సీకటి’ అన్న పిల్ల ఆ గొంతు ముందు నోరు మూసుకుంటుంది. తన మాట తప్పేమో అనుకుంటుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

అందుకే ఫోన్‌ను తిరగేశాం. పాఠం వినడానికి కాదు, పాఠం చెప్పడానికి. పిల్లలు అవ్వల దగ్గర కూర్చుని చేపల పేర్లు, వలల పేర్లు, గాలుల పేర్లు రికార్డు చేసుకొచ్చారు. నెత్తళ్లు, కవళ్లు, చందువ, వంజరం ఒక్కొక్కటీ ఒక్కో అవ్వ గొంతుతో ప్యానెల్ మీద మోగుతుంటే తరగతి సరిదిద్దుతుంది, వాదిస్తుంది, తర్వాత రాసుకుంటుంది. ప్రామాణిక తెలుగు నేర్పనని కాదు. అది రెండో మెట్టు. మొదటి మెట్టు మీద పిల్ల తన కాళ్లతో నిలబడాలి. సవరతో సహా గిరిజన భాషల్లో మొదటి తరగతుల పాఠాలు చెప్పే బహుభాషా విద్యను మన రాష్ట్రం 2004లో మొదలుపెట్టింది. సవరల సొరాంగ్ సొంపెంగ్ లిపికి 2012లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే గిడుగు చెవులతో విన్న భాషను ఈనాటి ట్యాబ్ చూపించగలదు. ఆ భాషలో పాఠం తయారు చేసే టీచర్లకు సమయం, శిక్షణ ఇవ్వడమే మిగిలింది. మా సమయం ఎంతో ఫోన్‌లో హాజరుకీ, ఫొటోలు ఎక్కించడానికీ పోతోంది. అందులో సగం తగ్గించినా ఎన్ని పాఠాలు పుడతాయో.

ఇంకో సంగతి మరవకూడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస తీరాన్ని దాటినప్పుడు కరెంటు స్తంభాలు పుల్లల్లా విరిగాయి. ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. తెర మీదే నిలబడే చదువు ఈ తీరంలో ఏ గాలివానకైనా కూలిపోతుంది. అందుకే వెరావల్ పాఠానికి ప్రతి పిల్లకూ ఒక జిరాక్సు పటం ఇచ్చాను. తండ్రి రేవుకు తిరిగొచ్చి ఫోన్ చేసినప్పుడల్లా, వేటాడిన చోట బోటు జీపీఎస్ చూపిన రెండు అంకెలు అడిగి, పెన్సిల్‌తో చుక్క పెట్టుకుంటారు. చుక్క పక్కన తేదీ.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ప్యానెల్ నల్లబడింది. పిల్లలు వాళ్లంతట వాళ్లే పటాలు తీసుకుని వరండాలోకి నడిచారు. ఆనాటి పిల్ల రబ్బరు చేత్తో పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

‘అయ్య నిన్న రైలెక్కినాడు మాస్టారూ. సుక్క ఎక్కడ పెట్టాల?’

రైలు ఇప్పుడు ఏ ఊరు దాటిందో కనుక్కోమని నా ఫోన్ ఇచ్చాను.