స్వరాలను ఒడ్డు దాటించే ఫైలు

2024 ఆగస్టులో మేక్‌మ్యూజిక్ అనే అమెరికన్ సంస్థ, 35 ఏళ్లుగా నడిచిన తన ‘ఫినాలే’ సాఫ్ట్‌వేర్ అభివృద్ధిని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. పాశ్చాత్య స్వరలిపి రాసుకునే ప్రోగ్రాం అది. ఎందరో స్వరకర్తలు, ప్రచురణకర్తలు తమ జీవితకాలపు రచనలను ఫినాలే ఫైళ్లలోనే దాచుకున్నారు. సిబేలియస్, డొరికో, మ్యూజ్‌స్కోర్‌ వంటి ప్రోగ్రాంలకు వెళ్లాలంటే అప్పుడు వారి ముందున్న ప్రధాన మార్గం ఒకటే, స్వరలిపిని ఒక ప్రోగ్రాం నుంచి మరోదానికి చేర్చే ఫైలు పద్ధతి: మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్.

దాని అవసరం తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1983లో వచ్చిన మిడి ప్రమాణం కీబోర్డులనూ కంప్యూటర్లనూ కలిపింది. అందులో ప్రతి మెట్టుకూ ఒక సంఖ్య ఉంటుంది. 61 అంటే సి-షార్పా, డి-ఫ్లాటా అన్నది మిడికి తెలియదు. చెవికి రెండూ ఒకటే. కాగితం చూసి వాయించేవారికి మాత్రం ఆ తేడాయే దారి చూపుతుంది. ఏ స్వరాలను కలిపి ఒకే ఊపులో వాయించాలో చెప్పే స్లర్ గీతలూ మిడిలో నిలవవు. ఆ లోటు తీర్చడానికి 1990ల్లో నిఫ్ అనే ఫైలు పద్ధతి వచ్చినా విస్తృతంగా వాడుకలోకి రాలేదు.

2000లో మైఖేల్ గుడ్ రికార్డారే సంస్థను స్థాపించి ఈ పని చేపట్టారు. పరిశోధకుల కోసం అప్పటికే ఉన్న మ్యూజ్‌డేటా, హమ్‌డ్రమ్ పద్ధతులను పునాదిగా తీసుకున్నారు. అప్పట్లో కొత్తగా వచ్చిన, సమాచారాన్ని ట్యాగులతో రాసే ఎక్స్‌ఎంఎల్ రూపంలో వాటి సారాన్ని మలిచారు. 2004 జనవరిలో మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్ 1.0 వెలువడింది.

ఇందులోని కీలకం, ధ్వనినీ రాతనూ పక్కపక్కనే నమోదు చేయడం. ప్రతి స్వరానికీ పేరు, షార్పో ఫ్లాటో, ఏ స్థాయిదో విడివిడిగా ఉంటాయి. కాలాన్ని సాధారణంగా పూర్ణ సంఖ్యల్లో కొలుస్తుంది. క్వార్టర్ నోట్‌ను 24 భాగాలు చేస్తే ఎయిత్ నోట్ 12 భాగాలు, ట్రిప్లెట్‌లోని ఎయిత్ నోట్ 8 భాగాలు అవుతుంది. ఎంతసేపు మోగాలో ఈ సంఖ్య చెబితే, కాగితం మీద ఏ ఆకారంలో కనిపించాలో మరో పదం చెబుతుంది.

2007లో వచ్చిన 2.0తో ఫైలును కుదించి దాచే ఎంఎక్స్‌ఎల్ రూపం మొదలైంది. 2011లో రికార్డారే ఆస్తులు మేక్‌మ్యూజిక్ చేతికి వచ్చాయి. 2015లో ఆ సంస్థ ఈ ప్రమాణాన్ని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీలోని స్వరలిపి బృందానికి అప్పగించింది. ఎంత దూరదృష్టి గల నిర్ణయమో తొమ్మిదేళ్ల తర్వాత తేలింది. ఫినాలే ఆగినా దాన్ని దాటించే వారధి అందరిదిగా మిగిలింది.

దాటేటప్పుడు చెదిరేవి

అయినా దిగుమతి చేసిన స్కోరు అచ్చం పాతదానిలా రాదు. ప్రమాణం విశాలమైనది. ఒక ప్రోగ్రాం రాసిన ప్రతిదాన్నీ మరొకటి చదవకపోవచ్చు. ఎక్కువగా చెదిరేది పేజీ అమరిక. దిగుమతి సెట్టింగుల్లో పాత పేజీ విరుపులను వదిలేసి, అమరికను కొత్త ప్రోగ్రాంకే అప్పగిస్తే సగం చిక్కు తీరుతుంది. తర్వాత చూడాల్సింది బి-ఫ్లాట్ క్లారినెట్ లాంటి వాద్యాలను. దీని స్వరం రాసినదానికంటే ఒక టోన్ కిందుగా మోగుతుంది. ఆ సమాచారం ఫైలులో లేకపోతే మొత్తం భాగం శ్రుతి తప్పుతుంది. డ్రమ్స్ గీతలు, ఒకే స్టాఫ్‌లో ఇద్దరి భాగాలు ఉన్నచోట కూడా జాగ్రత్త అవసరం.

తప్పు ఎక్కడ పుట్టిందో కనిపెట్టే తేలిక దారి ఉంది. అదే ఫైలును ఉచితంగా దొరికే మ్యూజ్‌స్కోర్‌లోనూ తెరవండి. అక్కడ సరిగ్గా ఉంటే లోపం దిగుమతిలో ఉన్నట్టు. అక్కడా అదే తప్పు కనిపిస్తే ఎగుమతిని అనుమానించాలి. కుదించని మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్ మామూలు అక్షరాల ఫైలే కాబట్టి టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి తప్పు ఉన్న బార్ దగ్గర ఏం రాసి ఉందో కళ్లారా చూడవచ్చు.

పాటకు తెలుగు సాహిత్యం రాసేవారికి మరో మాట. యూనికోడ్‌లో టైపు చేసిన అక్షరాలు భద్రంగా దాటుతాయి. పాత డీటీపీ ఫాంట్లలో చేసినవైతే, అను ఫాంట్ల వ్యాసాన్ని యూనికోడ్ ఫాంట్‌లో తెరిచినట్టే, అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. ఎగుమతికి ముందే వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

ఇవన్నీ పాత ప్రోగ్రాం మీ కంప్యూటర్లో పనిచేస్తున్నంత కాలమే సాధ్యం. అందుకే పూర్తయిన ప్రతి స్కోరుకూ మూడు ప్రతులు ఉంచండి: అసలు ఫైలు, మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్, పోల్చి చూసుకోవడానికి పీడీఎఫ్. పాత ఫైళ్లు ఉన్నవారు ఆ పని ఈ వారమే మొదలుపెట్టండి.