గీతలు పడిన పిస్తోలును కొనవచ్చునా?

సంతలో ఎడ్లను కొనువారు కొమ్ములకు పూసిన రంగును చూచి వెల కట్టరు. పళ్ళు పట్టి చూతురు. నాలుగడుగులు నడిపించి చూతురు. కాడి కట్టి చూతురు. సుడులను గూర్చి మాత్రము వాదము బయలుదేరును. ఆ సుడి అరకకు అడ్డము కాదని అమ్మువాడును, ఇంటికి అరిష్టమని కొనువాడును పట్టుపట్టి, తుదకు వెల కొంత తగ్గించుకొని ఇద్దరును సంతోషముగనే ఇండ్లకు పోవుదురు. గురి పోటీలలో వాడు పిస్తోలు విషయమునను ఇట్టి వాదమే నడచుచుండును. పైపూత లేచిపోయినది, చట్టముపై గీత పడినది, కర్రపిడి నల్లబడినది. ఇది సుడియా, లేక జబ్బా?

ఈ ప్రశ్న మన గృహస్థులకు సంబంధించినది కాదని తలపరాదు. హాంగ్‌జౌలో 2023లో జరిగిన ఆసియా క్రీడలలో హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ పిస్తోలు పోటీలలో ఒక స్వర్ణమును, మూడు రజతములను గెలుచుకొన్నది. అట్టి వార్త విన్న పిల్లలు తామును నేర్చుకొందుమని అడుగుట సహజము. ఆస్ట్రియా, జర్మనీ, స్విట్జర్లాండు, ఇటలీ దేశములలో తయారగు మేలిరకపు కొత్త పిస్తోలుకు లక్ష రూపాయలు చాలవు. అందుచేత ఒకరు వాడి విడిచినదానిని మరియొకరు కొనుట పరిపాటి. పైకి మచ్చపడినది గనుక తక్కువకే యిత్తునని ఎవరైన అన్నప్పుడు, తండ్రి చేతిలోని సొమ్ము, బిడ్డ చేయబోవు సాధన, రెండును ఆ మాటపై ఆధారపడి యుండును.

మేమిక్కడ ప్రస్తావించునది పది మీటర్ల ఎయిర్ పిస్తోలును గూర్చి. 1988లో సియోల్ ఒలింపిక్ క్రీడలలో ఈ పోటీకి తొలిసారి స్థానము లభించినది. ఇందులో మందుగుండు లేదు. గొట్టము క్రింద ఒక చిన్న సిలిండరుండును. దానిలో సుమారు 200 బార్ల ఒత్తిడితో గాలి నింపుదురు. మోటారుకారు చక్రములోని ఒత్తిడికంటె ఇది రమారమి తొంబది రెట్లు. ఆ గాలి రెగ్యులేటరు ద్వారా పోయి ఒత్తిడి తగ్గి, చిన్న గదిలో చేరును. ట్రిగ్గరు విడినంతనే వాల్వు తెరచుకొనును. గదిలోని గాలి అరగ్రాము బరువుగల సీసపు పెల్లెటును గొట్టమునుండి వెడలగొట్టును. పెల్లెటు వ్యాసము 4.5 మిల్లీమీటర్లు.

ఇప్పుడొక చిన్న లెక్క. గురిపలకలో పది పాయింట్ల వలయము 11.5 మిల్లీమీటర్లు. పెల్లెటు అంచు ఆ వలయమును తాకినను పదియే లెక్కకు వచ్చును. అనగా పెల్లెటు మధ్యబిందువు గురి కేంద్రమునుండి 8 మిల్లీమీటర్ల వరకు తొలగవచ్చును. పిస్తోలు ముందు సైటుకును వెనుక సైటుకును నడుమ దూరము 320 మిల్లీమీటర్లనుకొన్నచో, వాని పొంతన కాలు మిల్లీమీటరు తప్పిన చాలు, పది మీటర్ల దూరమున ఆ 8 మిల్లీమీటర్లును తప్పిపోవును. చట్టముపై బెత్తెడు పొడవు గీత యున్నను పెల్లెటు త్రోవ వెంట్రుకవాసియైన మారదు. వెనుక సైటు మరలో కంటికి కనబడని వదులున్నచో పది కాస్త తొమ్మిదియగును, ఎనిమిదియు కావచ్చును. కొనువాడు గీతను వేలితో తడుముచు కూర్చుండును. సైటును పట్టి కదిపి చూడడు!

కనుక మచ్చకు ఎంత తగ్గింతురని అడుగుటకు ముందు, మచ్చ ఎట్లు వచ్చినదని అడుగవలెను. పెట్టెలో పెట్టి తీయుటవలన పడిన రాపిడి గీతలు ఒక జాతి. అల్యూమినియముపై నల్లపూత అరగి తెల్లబడినచోటు వాడుకకు గుర్తేగాని లోపమునకు గుర్తు కాదు. సొట్ట అట్టిది కాదు. అది పిస్తోలు ఎప్పుడో చేజారి పడినదని చెప్పు సాక్షి. సొట్ట కనబడినచో ముందు సైటు నిటారుగా నున్నదా, పెల్లెటు నింపు మీట బిగువుగా మూతపడుచున్నదా, గొట్టపు మూతి అంచు చెక్కు చెదరక యున్నదా అని పరీక్షింపవలెను. పెల్లెటు కడపటిసారి తాకునది ఆ మూతి అంచునే. అక్కడి ఆవగింజంత గాటు పిడిపై నున్న పెద్ద మరకకంటె ప్రమాదకరము. ఉక్కు మరలపై తుప్పు వేరొక జాతి. విశాఖపట్టణము, కాకినాడ వంటి సముద్రతీర పట్టణములలో చేతిచెమటయు ఉప్పుగాలియు కలసి మరల తలలను తినివేయును. మరతలపై నున్న తుప్పును తుడువవచ్చును. గొట్టము లోపల గుంటలు పడినచో అది తీరని వ్యాధి.

గీత పడరాని చోటొకటి కలదు. అది సిలిండరు. అంత ఒత్తిడిని మోయు పాత్రపై సొట్టగాని, లోతైన గాటుగాని యున్నచో, వెల ఎంత తగ్గించినను దానిని తీసికొనరాదు.

మా అనుభవమొకటి ఇచ్చట చెప్పక తప్పదు. కొన్నేండ్ల క్రిందట మా తమ్ముని కుమార్తె కొరకు పిస్తోలు కొనబోయి, ఒకరి యింట రెండింటిని చూచితిమి. రెండును ఒకే కార్ఖానావి, ఒకే తరహావి. ఒకదాని చట్టము గీతలమయము. పిడి చెమటకు నల్లబడి చూచుటకే రోతగా నుండెను. రెండవది నిన్ననే పెట్టె విప్పినట్లు మెరయుచుండెను. వెలలో తేడా ఇరువదివేల రూపాయలు. ఆడపిల్లకు తొలిసారిగా కొనుచున్నాము, చక్కనిదే ఉండవలెనని మెరయుచున్నదానిని తెచ్చితిమి. మొదటి పోటీలో పరికరములను తనిఖీ చేయు అధికారి సిలిండరును త్రిప్పి చూచి, దానిపై ముద్రించిన తేదీని మాకు చూపెను. వాడుకకు విధించిన పదేండ్ల గడువు అంతకు పూర్వమే దాటిపోయి యుండెను. ఎవరో దయతలచి తమ సిలిండరును ఎరువిచ్చిరి గనుక ఆనాడు అమ్మాయి నిలువగలిగినది. తరువాత తెలిసినది మరియొకటి. ఆ పిడిని పూర్వపు యజమాని తన పెద్ద అరచేతికి అనుగుణముగా పుట్టీ పెట్టించి మలచుకొన్నాడు. అమ్మాయి చూపుడువ్రేలి కొన ట్రిగ్గరుకు సరిగా అందదు. సిలిండరుకును, పిడికిని పెట్టిన సొమ్ము ఆ ఇరువదివేలకు పైమాటయే. గీతల పిస్తోలును ఒక కళాశాల విద్యార్థి కొనుక్కొనిపోయెను. అతడు నేటికిని దానితోనే పోటీలకు వచ్చుచున్నాడు. మమ్ము చూచినప్పుడెల్ల నవ్వును. మేమును నవ్వక తప్పదు.

ఆ మీదట మేము నేర్చుకొన్న పరీక్షలను చెప్పెదము. పిస్తోలు చేతికి తీసికొన్నంతనే గొట్టములో పెల్లెటు లేదని నిర్ధారించుకొనవలెను. మూతిని మనుష్యులవైపు త్రిప్పరాదు. సిలిండరుపై తేదీ చూడవలెను. పలువురు తయారీదారులు పదేండ్ల గడువే విధించియున్నారు. పిమ్మట గాలి నింపించి, పిస్తోలుకు బిగించి, గేజీలోని ముల్లు ఎక్కడ నున్నదో సాయంకాలము వ్రాసికొని, తెల్లవారి మరల చూడవలెను. ముల్లు దిగినచో సిలిండరును విప్పి విడిగా నుంచి, మరునాడు బిగించి చూచిన, గాలి సిలిండరునుండి పోవుచున్నదో, పిస్తోలులోని సీళ్ళనుండి పోవుచున్నదో తేలిపోవును. సీళ్ళు రబ్బరు ఉంగరములే గనుక మార్చుట పెద్దపని కాదు. అయితే సాధారణపు యంత్రతైలమును మాత్రము అచ్చట పూయరాదు. అధికమైన ఒత్తిడిలో అది అంటుకొను ప్రమాదము కలదు; సిలికాన్ గ్రీజే తగినది.

ట్రిగ్గరును తూచుట ఆవశ్యకము. ఈ పోటీలో దానిని లాగుటకు కనీసము 500 గ్రాముల బరువు పట్టవలెనని నియమము. గొట్టమును నిటారుగా నిలిపి, ఆ బరువును ట్రిగ్గరుకు తగిలించి మెల్లగా పైకెత్తవలెను. విడిపోకుండ మోసినచో సరియైనది. పోటీ ముగిసిన పిదప తనిఖీలో తప్పినను అనర్హులగుదురు. బరువుకంటె ముఖ్యమైనది ఏకరూపత. ఇరువదిసార్లు లాగి చూడవలెను. మొదటి మెట్టు దాటి రెండవ మెట్టు వద్ద ఆగిన ట్రిగ్గరు, జారుడు లేక ఒక్కసారిగా విడిపోవలెను. ఒకసారి అక్కడ, ఒకసారి ఇక్కడ విడిపోవుచున్నచో లోపలి అంచులరిగినవనియో, ఎవరో తెలియనివారు మరలు త్రిప్పినారనియో అర్థము. విద్యుత్ ట్రిగ్గరైనచో బ్యాటరీ గదిని తెరచి, ఆకుపచ్చని చిలుము పట్టినదేమో చూడవలెను.

లోపలి యంత్రము ఎంత ముఖ్యమో లోకమంతయు ఒకమారు చూచినది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో పది మీటర్ల పోటీ నడుమ మను భాకర్ పిస్తోలు చెడిపోయినది. దానిని సరిచేయించుకొని వచ్చుసరికి విలువైన నిమిషములు గడచిపోయినవి. ఆమె 575 పాయింట్లతో పండ్రెండవ స్థానమున నిలిచి, తుదిపోటీకి చేరలేకపోయినది. 2024లో పారిస్‌లో అదే పోటీలో ఆమె కాంస్యము గెలిచినది. టోక్యోలోని పిస్తోలు పైపూత ఎట్లుండెనో ఎవరికి కావలెను?

కట్టకడపటి పరీక్ష కాల్చి చూచుటయే. చేయి చాచి కాల్చిన, చేతి వణకులో పిస్తోలు తప్పు దాగిపోవును. బల్లపై ఇసుకసంచి నుంచి, దానిపై చేతులానించి, దళసరి అట్టపై ఐదేసి చొప్పున ఐదు వరుసలు కాల్చవలెను. ఒక్క వరుస చక్కగా వచ్చినంత మాత్రమున మోసపోరాదు. పెల్లెట్లలో 4.49, 4.50 అని తల కొలతలు కలవు. ఒక రకము నచ్చని గొట్టమునకు మరియొక రకము నచ్చవచ్చును. రంధ్రములు ఒకదానిపై ఒకటి పడి ఒకే చిరుగుగా ఏర్పడినచో గొట్టము ఆరోగ్యముగా నున్నట్లే. పిస్తోలుతో కార్ఖానావారిచ్చిన పరీక్షపు అట్ట దొరకినచో దానితో పోల్చవచ్చును.

ఇక వెల. గీతకింత, మరకకింత అని తగ్గింపును లెక్కించుట మాకు సమ్మతము కాదు. అదే తరహా కొత్త పిస్తోలు వెలనుండి బయలుదేరి, వెంటనే మార్చవలసినవాని వెలను తీసివేయవలెను: గడువు ముగియబోవు సిలిండరు, చేతికి సరిపడని పిడి, సీళ్ళు, నిపుణునిచే శుభ్రపరచుటకగు వ్యయము. పుట్టీతో పెంచిన పిడి విషయమున మరియొక చిక్కు కలదు. పిస్తోలు మొత్తము 420, 200, 50 మిల్లీమీటర్ల కొలతలుగల పెట్టెలో ఇముడవలెను, తూకము 1500 గ్రాములు మించరాదు. లావైన పిడి ఆ 50ని దాటవచ్చును. గీతలవలన కలిగిన తగ్గింపు విషయమై మా యభిప్రాయమిది. అది కొనువానికి లాభము కాదు, అప్పువంటిది. రేపు మనమమ్మబోవునప్పుడు రాబోవు కొనుగోలుదారును ఆ గీతలనే వేలెత్తి చూపి అంత తగ్గించును. పదేండ్లు వాడదలచినవానికి ఈ చింత లేదు. రెండేండ్లలో అమ్మదలచినవాడు మాత్రము దానిని లెక్కలో వేసికొనవలెను. గీతలు కనబడకుండ రంగు పూయించుట బొత్తిగా కూడదు. క్రొత్తరంగు చూచిన ప్రతివాడును దాని క్రింద సొట్ట యున్నదేమోనని అనుమానించును.

బేరము కుదిరిన పిదప సొమ్మిచ్చుటకు ముందు, పిస్తోలుపై చెక్కిన సంఖ్యను బిల్లులోను, దిగుమతి కాగితములలోను ఉన్న సంఖ్యతో అంకెకు అంకె సరిచూచుకొని, ఆ కాగితములను పెట్టెతో పాటే తీసికొనవలెను.