సర్వర్లే యజమానులైన కాఫీ హోటల్

ఇండియన్ కాఫీ హౌస్‌కు యజమాని అంటూ ఒకరు లేరు. తలపాగా పెట్టుకుని కాఫీ తెచ్చే మనిషి, లోపల పెనం మీద దోసె తిప్పే మనిషి, గల్లాపెట్టె దగ్గర చిల్లర లెక్కపెట్టే మనిషి... ఇలాంటి పనివాళ్ళు సభ్యులుగా ఉన్న సహకార సంఘాలు నడిపే హోటళ్ళన్నిటికీ కలిపి ఉన్న పేరది. కేరళలో, కోల్‌కతాలో, ఢిల్లీలో, బెంగళూరులో, జబల్‌పూర్‌లో సంఘాలు వేరు, లెక్కలు వేరు, పేరు ఒక్కటే. ఈమధ్య ఇత్తడి సామాన్లు, పాత ఫొటోలు, మూగబోయిన రేడియోలు కొని గోడలకు తగిలించుకుని చరిత్ర పేరుతో కాఫీ అమ్మే షాపులు నగరాల్లో చాలా వెలిశాయి. కాఫీ హౌస్‌లో పాతదనం ఎవరూ కొని తెచ్చింది కాదు. మార్చాలన్న తొందర ఎవరికీ లేక అలాగే ఉండిపోయింది.

దీని పుట్టుక మాత్రం కార్మికుల చేతుల్లో జరగలేదు. 17వ శతాబ్దంలో బాబా బుడాన్ అనే సూఫీ ఫకీరు మక్కా నుంచి తిరిగివస్తూ యెమెన్‌లోని మోఖా రేవు దగ్గర ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెబుతారు. కథ ఎంత నిజమైనా ఆ కొండలకు ఇప్పటికీ ఆయన పేరే. ఆంగ్లేయుల కాలంలో తోటలు పెరిగాయి, పండిన గింజల్లో చాలా భాగం ఓడలెక్కి వెళ్ళిపోయేది. 1930ల ఆర్థిక మాంద్యంలో ధర పడిపోయాక గానీ తోటల వాళ్ళ చూపు ఇంటి గిరాకీ మీదికి మళ్ళలేదు. 1935లో కాఫీ సెస్ చట్టం వచ్చింది. ఆ సెస్ కమిటీ ఆధ్వర్యంలోనే 1936లో బొంబాయి చర్చ్‌గేట్‌లో మొదటి ఇండియా కాఫీ హౌస్ తెరిచారు. జనానికి కాఫీ రుచి మప్పడానికి పెట్టిన ప్రచార దుకాణం అన్నమాట. రెండో ప్రపంచయుద్ధంలో యూరప్ మార్కెట్లు మూసుకుపోయాక దేశంలోనే అమ్ముకోవలసిన అవసరం ఇంకా పెరిగింది. 1942 చట్టంతో వ్యవహారమంతా కాఫీ బోర్డు చేతికి వచ్చింది, ఒక్కో నగరంలో కాఫీ హౌస్‌లు పెరుగుతూ పోయాయి.

స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళు నిండకుండానే బోర్డు మనసు మారింది. హోటళ్ళు నడపడం తన పని కాదనుకుని 1950ల నడుమ ఒక్కొక్కటే మూసేయడం మొదలుపెట్టింది. చేతిలో ట్రే పట్టడం తప్ప వేరే పని తెలియని వాళ్ళు వీధిన పడ్డారు. అప్పుడు వాళ్ళ పక్షాన నిలబడ్డవాడు కేరళ కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్. ముందస్తు నిర్బంధం మీద 1950లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన గోపాలన్ వర్సెస్ మద్రాసు రాష్ట్రం కేసులోని గోపాలన్ ఈయనే, న్యాయశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ తెలిసిన పేరు. ఉద్యోగాలు నిలబెట్టమని అడగడంతో ఆగకుండా, హోటళ్ళనే కార్మికులకు అప్పగించమని అడగాలన్నది ఆయన సలహా. నిజానికి ఆ రోజుల్లో అది సాహసమే. నెల జీతం తప్ప వేరే ఆస్తి లేని సర్వర్లు అద్దెలు, అప్పులు, సరుకు లెక్కలు నెత్తిన వేసుకోవాలి. అయినా ఒప్పుకున్నారు. 1957 ఆగస్టులో బెంగళూరులో మొదటి సంఘం ఏర్పడింది, అదే ఏడు ఢిల్లీలోనూ ఒకటి పుట్టింది. 1958 మార్చిలో త్రిసూర్‌లో కేరళ తొలి కాఫీ హౌస్ తెరుచుకుంది. చేతులు మారినప్పుడు ‘ఇండియా కాఫీ హౌస్’ కాస్తా ‘ఇండియన్ కాఫీ హౌస్’ అయింది.

పద్మనాభస్వామి దర్శనానికో, శబరిమల యాత్ర ముగించుకునో తిరువనంతపురం చేరే తెలుగువాళ్ళు రైలు స్టేషన్ బయట తంపానూరులో ఒక ఎర్రటి గుండ్రటి కట్టడం చూసే ఉంటారు. ఇటుకబట్టీ గొట్టమో, పాత కోట బురుజో అనుకుని దాటిపోయేవాళ్ళూ ఉంటారు. అది కాఫీ హౌస్. కట్టినవాడు లారీ బేకర్. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టి, భారతదేశం వచ్చి, గాంధీజీ మాటల ప్రభావంతో ఇక్కడే ఉండిపోయి, తక్కువ ఖర్చుతో ఇటుక ఇళ్ళు కట్టడానికి పేరుపడ్డ వాస్తుశిల్పి.

లోపలికి అడుగుపెడితే మెట్లూ ఉండవు, అంతస్తులూ ఉండవు. నేల ఒకటే, అది నడుమ ఉన్న స్తంభంలాంటి గుండ్రటి గోడను చుట్టుకుంటూ జంతిక చుట్టలా పైకి పోతుంది. బయటి గోడ వెంట వరుసగా బల్లలు, వాటికి అటూ ఇటూ కూర్చోవడానికి అరుగులు. అన్నీ కట్టడంలో భాగాలే, కదిలించడానికి కుదరదు. నేల ఏటవాలుగా ఉన్నా బల్ల మాత్రం సమంగా ఉంటుంది, అందుకే కప్పులో కాఫీ ఒలకదు. ఎదురుగా కూర్చున్న మనిషి తనకన్నా కొంచెం ఎత్తునో పల్లంలోనో ఉన్నట్టు అనిపించి, మొదటిసారి వచ్చినవాళ్ళకు కాసేపు తమాషాగా ఉంటుంది. గోడ పొడవునా ఇటుకలు వదిలేసి పెట్టిన చదరపు కంతల్లోంచి గాలీ, ముక్కలు ముక్కలుగా వెలుతురూ పడతాయి. స్థలం చిన్నది, మనుషులు ఎక్కువ. ఆ చిక్కుకు బేకర్ చూపిన ఉపాయం ఈ చుట్ట. దాన్ని ఎక్కి దిగే శ్రమ మాత్రం సర్వర్లది. నిండు ట్రేతో ఆ వాలు మీద రోజంతా తిరగడం ఎంత కష్టమో పై బల్ల దాకా ఖాళీ చేతులతో నడిచినా తెలిసిపోతుంది.

ఆ సర్వర్ల వేషమే కాఫీ హౌస్ గుర్తు. తెల్ల దుస్తులు, నడుముకు వెడల్పాటి పట్టీ, తలమీద గంజి పెట్టి విసనకర్రలా నిలబెట్టిన కుచ్చు తలపాగా. పట్టీ రంగును బట్టి పనిలో హోదా తెలుస్తుంది. కలెక్టరాఫీసు డవాలా బంట్రోతుల్ని చూసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు, రెండూ దొరల కొలువు నుంచి వచ్చినవే. ఒకప్పుడు సేవకుడి గుర్తుగా తొడిగించిన వేషాన్ని యజమానులయ్యాక కూడా వాళ్ళు విప్పలేదు. కేరళ శాఖల్లో గోడమీద ఎ.కె. గోపాలన్ ఫొటో సాధారణంగా ఉంటుంది. చరిత్ర పేరుతో కనిపించే అలంకరణ దాదాపు అంతే.

తిండి విషయానికొస్తే కేరళ కాఫీ హౌస్‌లో మసాలా దోసె విప్పగానే తెలుగువాళ్ళు ఒక్క క్షణం ఆగుతారు. లోపలి కూర పసుపుగా ఉండదు, బీట్‌రూట్ కలిపి ఎర్రగా ఉంటుంది. కూరగాయల కట్లెట్ కూడా విరిస్తే అదే రంగు. కొంచెం తియ్యదనం తగులుతుంది, కారం తక్కువ. గుంటూరు నాలుకకు ఇది చప్పగానే ఉంటుంది, కట్లెట్ మాత్రం ఎవరికైనా నచ్చుతుంది.

కోల్‌కతా కాలేజ్ స్ట్రీట్ కాఫీ హౌస్ తీరు వేరు. చుట్టూ పుస్తకాల కొట్లు, ఎదురుగా ఒకప్పటి ప్రెసిడెన్సీ కాలేజీ, ఇప్పటి ప్రెసిడెన్సీ విశ్వవిద్యాలయం. 1876లో వెలసిన ఆల్బర్ట్ హాల్ అది, 1942లో అక్కడ కాఫీ మొదలైంది. ఎత్తైన కప్పు, దాన్నుంచి పొడుగు కడ్డీలకు వేలాడే ఫ్యాన్లు, హాలు చుట్టూ బాల్కనీ, గోడమీద రవీంద్రుడి పెద్ద చిత్రం. పాలు లేని కాఫీని అక్కడ ‘ఇన్ఫ్యూజన్’ అంటారు. గుడ్డు సొన జాలీలా కప్పి వేయించే కబిరాజీ కట్లెట్‌కు గిరాకీ ఎక్కువ. సత్యజిత్ రాయ్, మృణాల్ సేన్ లాంటి సినిమావాళ్ళు, ‘కృత్తిబాస్’ పత్రిక కవులు ఇక్కడ గంటలకు గంటలు కూర్చున్నవాళ్ళే. 1958లో దీన్నీ మూసేస్తే ప్రొఫెసర్లు ప్రభుత్వానికి అర్జీ పెట్టారు, ఆ ఏడాదే మళ్ళీ తెరిచారు. మన్నా డే 1983లో పాడిన పాటతో బెంగాల్ అంతటా దీని పేరు మోగింది. ఒక్క కప్పు ముందు పెట్టుకుని సాయంత్రమంతా కూర్చున్నా లేవమనేవాళ్ళు లేకపోవడమే దాని ఆకర్షణ. వ్యాపారం లెక్కన చూస్తే అదే దాని బలహీనత కూడా.

అన్ని శాఖలకూ అదృష్టం కలిసిరాలేదు. ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లోని పాతదాన్ని ఎమర్జెన్సీ రోజుల్లో కూలగొట్టారు. ఇప్పుడు మోహన్‌సింగ్ ప్లేస్ పై అంతస్తులో, డాబా మీద కూర్చుని తాగాలి. సిమ్లా మాల్ రోడ్డు శాఖ లాయర్లకూ రాజకీయులకూ పాత అడ్డా. బెంగళూరు ఎం.జి. రోడ్డులో అర్ధ శతాబ్దం నడిచినది 2009లో ఖాళీ చేయవలసి వచ్చింది. దగ్గర్లోని చర్చ్ స్ట్రీట్‌కు మారినా, తెల్ల దుస్తులతో పాటు తలపాగా కూడా వెంట వెళ్ళింది.