తప్పు పట్టాల్సింది కోడ్‌ను, మనిషిని కాదు

సమీక్ష నలుగురిలోనే సాగాలి, నోటికి మాత్రం హద్దుండాలి: ఇదీ లినక్స్ అనుభవం

ఫిన్లాండ్‌లో చదువుకుంటూ లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ నేడు ఆండ్రాయిడ్ ఫోన్ల నుంచి సూపర్ కంప్యూటర్ల దాకా విస్తరించింది. అందులో ఎవరు ఏ మార్పు ప్రతిపాదించినా సాధారణంగా దాని మంచిచెడ్డలు అందరి ముందే తేలాలి. లోపాలు బయటపడేదీ, కొత్తవారు పని నేర్చేదీ ఆ చర్చల్లోనే.

అయితే అక్కడే టోర్వాల్డ్స్ దూషణలకూ దిగేవారు. తన తీరు కొందరిని ఈ పనికే దూరం చేసి ఉండొచ్చంటూ 2018 సెప్టెంబరులో ఆయన క్షమాపణ చెప్పి, కొన్ని వారాలు పక్కకు తప్పుకున్నారు. అదే నెల కొత్త ప్రవర్తనా నియమావళి వచ్చింది.

అలాగని చర్చను నాలుగు గోడల మధ్యకు మార్చడం మందు కాదు. దాడులకు దారిచ్చే లోపాలను మాత్రం సవరణ సిద్ధమయ్యేదాకా గోప్యంగా ఉంచడం లినక్స్‌లోనూ ఉన్నదే. మిగతావన్నీ బాహాటంగానే సాగాలి. ఒక మార్పును కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. ఆ మాట ఎంత ఘాటుగా ఉన్నా కోడ్ దాటకూడదు. చెడిన కోడ్‌ను తిరగరాయొచ్చు, మనసు విరిగి వెళ్లిపోయిన మనిషిని వెనక్కి తేవడమే కష్టం.