ఫైలు వ్యవస్థలో అసంగతత్వము

కంప్యూటరు డిస్కుపై ఏ ఫైలు ఎక్కడ ఉన్నదో, ఏ భాగము ఖాళీగా ఉన్నదో తెలిపే పట్టికలు ఫైలు వ్యవస్థలో ఉంటాయి. ఈ పట్టికలు ఒకదానితో ఒకటి పొసగని స్థితిని అసంగతత్వము అంటారు. గ్రంథాలయములో పుస్తకము బీరువాలో ఉండి జాబితాలో లేకపోవడము వంటిది ఇది.

== కారణాలు ==
ఒక ఫైలును భద్రపరచునపుడు డిస్కుపై పలుచోట్ల మార్పులు జరగాలి. నడుమ కరెంటు పోతే కొన్ని జరిగి, కొన్ని ఆగిపోతాయి. 1993లో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్, 2001లో లినక్సు కెర్నెల్‌లో చేరిన ఈఎక్స్‌టీ3 వంటివి చేయబోయే మార్పును ముందుగా చిట్టాలో వ్రాసుకొంటాయి. అందువలన ప్రమాదము తగ్గింది కాని పూర్తిగా తొలగలేదు.

== సరిచేయు విధానము ==
మొదట ముఖ్యమైన ఫైళ్ళకు నకలు తీసుకోవాలి. మరమ్మతు సాధనము పట్టికల పొందికనే చూస్తుంది. అందుకొరకు దెబ్బతిన్న ఫైలును తొలగించవచ్చు కూడా. తరువాత విండోస్‌లో చెక్‌డిస్క్‌ను 'ఎఫ్' ఐచ్ఛికముతో నడపాలి. లినక్సులో ఆ విభాగమును అన్‌మౌంట్ చేసిన పిమ్మటనే ఎఫ్‌ఎస్‌సీకేను నడపాలి. తప్పులు మరల మరల వస్తే డిస్కు మార్చడము మేలు.

== తడిసిన డిస్కులు ==
2009 అక్టోబరులో తుంగభద్ర వరద కర్నూలు జిల్లాలోని మంత్రాలయమును ముంచెత్తింది. అటువంటి నీటిలో మునిగిన డిస్కుకు పై విధానము వర్తించదు. దానికి విద్యుత్తు ఇవ్వక నిపుణులకు అప్పగించాలి. ఏటి ఒడ్డున ఉండేవారు ఒక నకలును వేరొక ఊరిలో ఉంచుకోవడము శ్రేయస్కరము.