కొల్లూరు దాటాక మొరం బాట

నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిలెక్కినవాళ్లు కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్లు కార్లతో, లారీలతో పని లేకుండా తొక్కుకుంటూ పోవచ్చు. దారి పొడవునా చాలాచోట్ల నెత్తి మీద సోలార్ పలకల కప్పు ఉంటుంది కాబట్టి ఎండాకాలంలోనూ మాడు మాడదు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా వెళ్లే మరో 8.5 కిలోమీటర్ల పాయ కూడా కలిపితే మొత్తం 23 కిలోమీటర్లు. దారి వెడల్పు 4.5 మీటర్లు, కప్పు మీది సౌర విద్యుత్తు సామర్థ్యం 16 మెగావాట్లు. దక్షిణ కొరియాలో డేజాన్, సేజోంగ్ నగరాల మధ్య హైవే నడుమ వేసిన ఇలాంటి దారిని చూసి దీన్ని తలపెట్టారు. 2023 అక్టోబరు 1న జనానికి తెరిచారు.

కొల్లూరులో ట్రాక్ అయిపోతుంది. ఔటర్ మాత్రం ముత్తంగి వైపు సాగిపోతుంది. ఆ దిక్కునే పాటి, ఘనపూర్, కర్దనూర్ లాంటి పటాన్‌చెరు మండలపు ఊళ్లున్నాయి. ఒక పక్క గంటకు 120 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉన్న ఔటర్. దాని మీదికి సైకిళ్లనే కాదు, టూవీలర్లనూ రానివ్వరు. ఇంకో పక్క ముంబై హైవే, దాని పొడవునా ఫ్యాక్టరీలు, ట్యాంకర్లు, ట్రాలీలు. భానూరులో భారత్ డైనమిక్స్, ఎద్దుమైలారంలో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ. మ్యాపులో చూస్తే ఇక్కడ సైకిల్‌కు చోటెక్కడుంది అనిపిస్తుంది. కానీ ఈ ఊళ్ల పాత దారులన్నీ ఇంకా పోలేదు. చేన్లకు పోయే బండ్లబాటలున్నాయి, చెరువు కట్టల మీద తోవలున్నాయి. వెంచరు కోసం మొరం పోసి, ఇళ్లు లేవక అలాగే వదిలేసిన రోడ్లున్నాయి. ఫ్రాన్స్ పల్లెల్లో గ్రావెల్ బైకింగ్ చేసేవాళ్లు వెతుక్కుంటూ పోయేది అచ్చం ఇలాంటి దారులనే.

తారు వదిలేసి కంకర, మొరం, మట్టి దారుల మీద దూరాలు తొక్కడమే గ్రావెల్ బైకింగ్. రాళ్ల మీంచి దూకే మౌంటెన్ బైకింగ్ వేరు, ఇది వేరు. పోటీగా దీనికి ఊపు అమెరికాలో వచ్చింది. కాన్సాస్ రాష్ట్రంలోని ఎంపోరియాలో 2006లో మొదలైన పందెం ఏటేటా పెరిగింది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2022లో ఇటలీలో తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ నిర్వహించింది. అయితే 1903లో తొలి టూర్ డి ఫ్రాన్స్‌లో పాల్గొన్నవాళ్లు తొక్కిందీ చాలావరకు మట్టి, కంకర దారుల మీదే. తారు ఆ తర్వాత వచ్చింది.

ఈ దారులను ఫ్రాన్స్ కొత్తగా తవ్వలేదు, పాతవాటినే నిలబెట్టుకుంది. బుర్గుండీ ప్రాంతంలో జివ్రీ నుంచి క్లూనీ దాకా 44 కిలోమీటర్ల పాత రైలు మార్గం ఉండేది. రైళ్లు ఆగిపోయి పట్టాలు తీసేశాక, 1997లో దాన్ని సైకిళ్లకు, నడిచేవాళ్లకు ఇచ్చేశారు. రైలింజను నిటారు చడావు ఎక్కలేదు కాబట్టి ఆ దారి వేసినప్పుడే ఎత్తుపల్లాలు తగ్గించి వేశారు. ఇప్పుడు ఆ సుఖం పిల్లలకూ, ముసలివాళ్లకూ దక్కుతోంది. క్లూనీ దాటి మకాన్ వైపు పోతే బ్వా క్లేర్ అనే కొండ సొరంగం వస్తుంది. పొడవు 1.6 కిలోమీటర్లు. చలికాలంలో గబ్బిలాలు అందులో చేరి నిద్రపోతాయి. అవి లేచేదాకా సొరంగం మూసేస్తారు. సైకిళ్లవాళ్లు ఆ నెలల్లో కొండెక్కి చుట్టు తిరిగి పోవాల్సిందే. దారి ఒక్క మనిషి కోసమే కాదని అంత గట్టిగా నమ్మి అమలుచేసే చోట్లు తక్కువ.

ఆ పాత రైలు దారి మీద తారు పరిచారు. మొరం లాంటి నేలే కావాలంటే బ్రిటనీకి పోవాలి. నాంట్ నుంచి బ్రెస్ట్ దాకా 360 కిలోమీటర్లకు పైబడిన కాలవ ఉంది అక్కడ. నెపోలియన్ కాలంలో ఇంగ్లండ్ నౌకాదళం రేవులను దిగ్బంధించడంతో, సముద్రం జోలికి పోకుండా సరుకు చేరవేయడానికి 1811లో తవ్వడం మొదలుపెట్టారు. 1842కు పూర్తయింది. తర్వాత రైళ్లు వచ్చి సరుకంతా పట్టుకుపోయాయి. పడవలను గుర్రాలు లాగిన గట్టు బాట మాత్రం మిగిలింది. చాలాచోట్ల ఇసుక, సన్న కంకర పరిచి గట్టిగా అణిచారు. కొద్ది దూరానికో లాకు, దాని పక్కన లాకు కాపలాదారు ఉండే చిన్న ఇల్లు. వాటిలో కొన్ని ఇప్పుడు కాఫీ హోటళ్లయ్యాయి, కొన్నిచోట్ల రాత్రి బసకు గదులిస్తారు. గోదావరి, కృష్ణా డెల్టాల్లోనూ ఒకప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాళ్లతో పడవలు లాగేవారు. ఆ గట్లు ఇంకా అక్కడే ఉన్నాయి.

2004లో ఫ్రాన్స్ ఇంకో అడుగు వేసింది. ఇలాంటి దారులకు ట్రాఫిక్ నిబంధనల్లోనే ‘వ్వా వెర్త్’ అనే పేరుతో చోటిచ్చింది. మోటారు లేని బళ్లు, నడిచేవాళ్లు, గుర్రాల మీద వచ్చేవాళ్లు తప్ప ఇంకెవరూ రాకూడదని అప్పట్లో నియమం పెట్టింది. అక్కడ కారు నడపడం మర్యాద తప్పడం కాదు, నిబంధన మీరడం.

ఇక మన దగ్గర కర్దనూర్ వైపు తొక్కాలనుకునేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది నేల సంగతి. అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972లో పటాన్‌చెరులో వెలిసింది. ఆ చోటును ఎంచుకోవడానికి ఒక పెద్ద కారణం ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఒకేచోట దొరకడం. శాస్త్రవేత్తలకు వరమైన ఆ కలగలుపే సైకిల్‌కు పరీక్ష. ఎర్రనేల మీద మొరం పోసిన బాట వాన వెలిశాక త్వరగా ఆరుతుంది. నల్లరేగడి అలా కాదు. వానలో అది జిగటై టైరును పట్టుకుంటుంది. చక్రం తిరిగేకొద్దీ పొర మీద పొర అంటుకుంటుంది. కాసేపటికి టైరుకూ ఫ్రేముకూ మధ్య సందు నిండి చక్రం బిగుసుకుపోతుంది. అప్పుడిక పుల్లతో గీకి మట్టి తీసి, సైకిల్‌ను భుజాన వేసుకుని గట్టెక్కడం తప్ప దారి లేదు. అదే నేల ఎండాకాలంలో నోళ్లు తెరుస్తుంది. సన్నటి టైరు ఆ నెర్రెల్లో దిగబడితే మనిషి ముందుకు పడతాడు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మొరం బాటలు, కట్టలు నయం. పత్తి చేల మధ్య రేగడి బాటలకు దసరా దాటాక పోవడం మేలు.

టైరు విషయంలో ఒక చిత్రముంది. రేసు సైకిల్ టైరు వెడల్పు 25 నుంచి 32 మిల్లీమీటర్లు. గ్రావెల్ బైకుకు సుమారు 40 వాడతారు. గాలి కూడా తక్కువే కొడతారు. రేసు టైరులో 70, 80 పాయింట్లు ఉండే చోట ఇందులో 30, 40 చాలు. గాలి బిగించిన సన్న టైరు ప్రతి గులకరాయికీ ఎగిరిపడుతుంది. పెడల్ మీద పెట్టిన బలం ముందుకు పోకుండా ఆ కుదుపుల్లో ఖర్చైపోతుంది. మెత్తటి టైరు రాయిని తనలో ఇముడ్చుకుని దొర్లిపోతుంది. మరి మన ఊళ్లలో పాల క్యాన్లు తగిలించుకుని తిరిగిన నల్ల సైకిళ్ల టైరు ఎంత? ఒకటిన్నర అంగుళం, అంటే దాదాపు అదే 40 మిల్లీమీటర్లు. మట్టి దారికి ఏం కావాలో ఆ సైకిళ్లవాళ్లకు ఎప్పుడో తెలుసు. కొత్తగా వచ్చినవి డిస్క్ బ్రేకులు, చడావుకు పనికొచ్చే గేర్లు, ట్యూబు లేకుండా లోపల జిగురు ద్రవం పోసే టైర్లు. పంచరైతే ఆ ద్రవమే చిల్లును పూడ్చేస్తుంది. తుమ్మ ముళ్లుండే మన బాటలకు ఇది నిజంగా అక్కరకొచ్చే సౌకర్యం. కానీ ఖరీదైన బైకు కొంటే తప్ప ఈ దారులెక్కకూడదని ఎవరూ అనుకోనక్కర్లేదు. మంచి బ్రేకులున్న మామూలు సైకిల్ చాలు.

హైదరాబాదు సైకిల్‌వాళ్లకు ఫ్రాన్స్ పల్లెలు వినికిడి మాత్రమే కాదు. హైదరాబాద్ రాండొనర్స్ క్లబ్బు నడిపే 200, 300, 400, 600 కిలోమీటర్ల రైడ్లకు గుర్తింపు ఇచ్చేది పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో, 600ను 40 గంటల్లో ముగించాలి. దారిలో చెక్‌పోస్టుల దగ్గర కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. ఇవన్నీ పూర్తిచేసినవాళ్లకు 1891లో పుట్టిన పారిస్-బ్రెస్ట్-పారిస్‌లో తొక్కే అర్హత వస్తుంది. 1200 కిలోమీటర్లకు గరిష్ఠంగా 90 గంటలు. నాలుగేళ్లకోసారి జరుగుతుంది, గతసారి 2023 ఆగస్టులో రాంబుయే నుంచి బయల్దేరింది. అది తారు రోడ్ల మీది రైడే. అయినా ఎక్కువ భాగం చిన్న పల్లె దారుల్లోనే సాగుతుంది. ఇళ్లముందు బల్లలు వేసి అర్ధరాత్రి కాఫీ, సూప్ అందించే ఊళ్లవాళ్లే ఆ రైడ్‌కు సగం పేరు తెచ్చారు.

ఇక అసలు సంగతికి రావాలి. తెలంగాణ ఊళ్లలో బండ్లబాటలు గాలివాటుగా పుట్టినవి కావు. రెవెన్యూ నక్షల్లో తెగిన గీతలుగా వాటికి చోటుంది. రైతులు వాటిని నక్ష బాటలంటారు. చేను చేనుగా ఉన్నంతకాలం ఆ బాట అందరికీ కావాలి. భూమి ఎకరాల్లోంచి గజాల్లోకి మారగానే చిక్కు మొదలవుతుంది. వెంచరు చుట్టూ ప్రహరీ లేస్తుంది, గేటు పడుతుంది, బాట ప్లాట్లలో కలిసిపోతుంది. అవతలి చేను రైతు ట్రాక్టరు తోలుకుపోవడానికి తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరుగుతాడు. ఔటర్ చుట్టుపక్కల ఊళ్లన్నింటికీ తెలిసిన కథే ఇది.

ఫ్రాన్స్ కూడా ఈ నష్టాన్ని చవిచూసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చిన్న కమతాలను కలిపి పెద్దవి చేసినప్పుడు వేల కొద్దీ పల్లె బాటలు దున్నేశారు. మేలుకుని 1983లో ఒక చట్టం తెచ్చారు. ప్రతి జిల్లా తన నడక దారుల పట్టిక తయారుచేయాలి. ఆ పట్టికకెక్కిన పల్లె బాటను అమ్మాలన్నా, మూసేయాలన్నా నడకకు పనికొచ్చే బదులు బాట చూపాలి. బదులు చూపకుండా జరిగిన అమ్మకం చెల్లదు. ఇవాళ గ్రావెల్ బైకు మీద ఫ్రాన్స్ తిరిగేవాళ్లకు అంతంత దూరం తెగని బాట దొరుకుతోందంటే ఆ కాగితం పని చాలా ఉంది.

కర్దనూర్ చుట్టూ ఇంకా ఆ అవకాశం మిగిలే ఉంది. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడే ఊరి నక్ష ముందు పెట్టుకుని, బాట ఎటు పోతోందో చూసి, ప్లాట్ల మధ్య రోడ్డుగానైనా దాన్ని అవతలి కొసకు కలపమని షరతు పెట్టొచ్చు. దీనివల్ల లాభం ఆదివారం హెల్మెట్ పెట్టుకుని వచ్చేవాళ్లకే కాదు. తెల్లవారుజామున ముంబై హైవే అంచున, లోడు లారీల గాలికి ఊగుతూ, వెనక లైటు కూడా లేని సైకిల్ మీద షిఫ్టుకు పోయే కార్మికుడికి అది ప్రాణం కాచే దారి. గడ్డిమోపుతో వచ్చే రైతుకూ, ఊరి బడికి నడిచిపోయే పిల్లలకూ అంతే. ఖర్చు కూడా మరీ పెద్దది కాదు. మొరం పోసి రోలరు తిప్పాలి, రేగడి ఉన్న చోట బాటను జానెడు ఎత్తు లేపాలి, వాన నీళ్లు నిలవకుండా తూములు పెట్టాలి.